విమానం దూరము – కాలము: చెన్నై నుంచి కువైటు దాకా



మన హాస్టలులో చాలామంది ఇండ్లల్లో ఎవరో ఒకరు కువైటులో ఉన్నారు. అమ్మో, పిన్నో, మేనమామో, పక్కింటి అక్కో. నెల్లూరు, కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటి పనికీ డ్రైవరు పనికీ అక్కడికి పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. అయినా "కువైటు ఎంత దూరం?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్తారు. ఒకరు రెండున్నర గంటలే అంటారు. ఇంకొకరు కాదు, ఏడున్నర గంటలు అంటారు. ఇద్దరూ విమానం టిక్కెట్టు చూసే చెప్తున్నారు. ఇద్దరి టిక్కెట్టులోనూ అబద్ధం లేదు. అసలు ప్రయాణమేమో రెండున్నరా కాదు, ఏడున్నరా కాదు. ఐదు గంటలు!

ఇది ఎట్లా అవుతుందో ఈ పాఠములో తెలుసుకొందాము. కావలసిన వస్తువులు: గ్లోబు, దారం, స్కేలు, పెన్సిలు, కాగితం. 8వ తరగతి లెక్కలు వస్తే చాలు.

1. దూరమును కొలుచుట

బుచ్చిరెడ్డిపాలెం నుంచి నెల్లూరుకు రోడ్డు మీద సుమారు 15 కి.మీ. రోడ్డు కాలువ దగ్గర వంగుతుంది, ఊరు వస్తే మళ్ళుతుంది. విమానానికి కాలువలు, వంతెనలు అడ్డం రావు. కాబట్టి విమానం దూరమంటే రెండు ఊళ్ళ మధ్య భూమి మీదుగా ఉండే అతి దగ్గరి దారి. దీన్ని కొలవటానికి ముందు భూమి సైజు తెలియవలెను.

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. ఒక వృత్తములో 360 డిగ్రీలు ఉంటాయి. 40,000ను 360తో భాగిస్తే 111 వస్తుంది. అనగా ఒక డిగ్రీకి 111 కి.మీ. మన బుచ్చిరెడ్డిపాలెం సుమారు 14½ డిగ్రీల ఉత్తర అక్షాంశము మీద ఉంది. 14½ × 111 = సుమారు 1,610. అంటే మన హాస్టలు గేటు దగ్గర నుంచి తిన్నగా దక్షిణానికి 1,610 కి.మీ. పోతే భూమధ్యరేఖ తగులుతుంది. ఎండాకాలంలో సూర్యుడు మన నెత్తి మీదికే ఎందుకు వస్తాడో దీన్నిబట్టి కూడా తెలుస్తుంది. మనం ఆ రేఖకు అంత దగ్గర.

ఇక దారం పని. మన సైన్సు గదిలో ఉన్న గ్లోబుకు భూమధ్యరేఖ మీదుగా దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి కొలిస్తే 80 సెం.మీ. వచ్చింది. 40,000ను 80తో భాగించగా 500. కాబట్టి మన గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే 500 కి.మీ. (వేరే గ్లోబు అయితే ముందు దాని చుట్టుకొలత కొలుచుకోవలెను. పైన ఉండే చిన్న అక్షాంశ వృత్తాలకు చుట్టి కొలవరాదు. అవి పైకి పోయేకొద్దీ చిన్నవైపోతాయి.)

చెన్నై మీద దారం ఒక కొస పెట్టి, కువైటు మీద రెండో కొస పెట్టి బిగించి లాగండి. సుమారు 7½ సెం.మీ. వస్తుంది. 7½ × 500 = 3,750 కి.మీ. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు పెట్టి పెద్ద లెక్క చేస్తే వచ్చే జవాబు సుమారు 3,780. దారంతో చేసిన లెక్కకు 30 కి.మీ. తేడా! ఇది నెల్లూరు నుంచి సంగం పోయేంత తేడా మాత్రమే. దారం బిగువుగా ఉంటే దారి దానంతట అదే దొరుకుతుంది. కర్ణాటక, మహారాష్ట్రల మీదుగా పోయి, అరేబియా సముద్రం దాటి, పర్షియన్ గల్ఫ్ వెంట పైకి పోయి కువైటు చేరుతుంది.

2. గోడ మీది పటము మోసం చేస్తుంది

మన తరగతి గోడకు ప్రపంచ పటం ఉంది కదా. దాని మీద హైదరాబాదు నుంచి అమెరికాలోని షికాగోకు స్కేలు పెట్టి గీత గీస్తే, ఆ గీత అరేబియా మీదుగా, ఆఫ్రికా అంచు మీదుగా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పడమరకు పోతుంది. అది దగ్గరి దారి అని ఎవరైనా అనుకుంటారు. ఇప్పుడు గ్లోబు మీద దారం బిగించి చూడండి. దారం పడమరకు పోనే పోదు! నేరుగా ఉత్తరానికి ఎక్కుతుంది. కాశ్మీరు, మధ్య ఆసియా, రష్యా దాటి, ఉత్తర ధ్రువానికి దగ్గరగా మంచు సముద్రం మీద నడిచి, గ్రీన్‌లాండ్ మీదుగా కెనడాలోకి దిగి, పైనుంచి షికాగో మీద వాలుతుంది.

దారం 26½ సెం.మీ. అంటే 13,250 కి.మీ. అసలు దూరం సుమారు 13,300. అదే హైదరాబాదు అక్షాంశము పట్టుకొని తిన్నగా పడమరకు పోయి, షికాగో నిలువులోకి వచ్చినాక పైకి ఎక్కితే ఎంత అవుతుందో లెక్క చేశాను. 20,000 కి.మీ. దాటుతుంది. అంటే అట్లా పోతే సుమారు 7,000 కి.మీ. ఎక్కువ తిరగాలి. విమానానికి అది ఎనిమిది గంటల తిరుగుడు.

కారణం ఏమిటి? నారింజ పండు తొక్కను ఒలిచి బల్ల మీద పరిస్తే అది చిరిగిపోతుంది. చిరగకుండా పరచాలంటే సాగదీయాలి. గోడ పటంలో ఉత్తర ధ్రువం దగ్గర నేలను అట్లాగే సాగదీసి ఉంచారు. అందుకే అక్కడ దగ్గర ఉన్నవి కూడా దూరంగా కనిపిస్తాయి.

3. వేగము

పెద్ద జెట్ విమానాలు పైకి ఎక్కి నిలదొక్కుకున్న తరువాత గంటకు సుమారు 900 కి.మీ. వేగంతో పోతాయి. ఎత్తు 10 నుంచి 12 కి.మీ. కాని ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ. అందువల్ల మొత్తం మీద సగటున 850 అని వేసుకుంటే లెక్క సరిపోతుంది.

కాలము = దూరము ÷ వేగము. చెన్నై నుంచి కువైటుకు 3,780 ÷ 850 = సుమారు 4½ గంటలు. దీనికి విమానం రన్‌వే దాకా మెల్లగా నడిచే సమయము, రన్‌వే ఖాళీ కోసం ఆగే సమయము, నిర్ణయించిన గాలి దారుల్లో కొంచెం వంకరగా పోయే సమయము కలపాలి. అంతా కలిపి సుమారు 5 గంటలు.

4. గడియారము తేడా

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు. ఒక డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్నవాళ్ళకు పొద్దు ముందు పొడుస్తుంది, పడమర ఉన్నవాళ్ళకు తరువాత పొడుస్తుంది. మన దేశం మొత్తానికి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము మీద ఉండే కాలమే కాలము. 82½ × 4 = 330 నిమిషాలు, అనగా ఐదున్నర గంటలు. మనం గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. కువైటు వాళ్ళు 45 డిగ్రీల రేఖాంశపు కాలం పెట్టుకున్నారు. 45 × 4 = 180 నిమిషాలు, మూడు గంటలు. 5½ లోనుంచి 3 తీసివేస్తే 2½. మన గడియారం కువైటు గడియారం కన్నా రెండున్నర గంటలు ముందు.

ఇక్కడ ఒక తమాషా. మన బుచ్చి ఉండేది 82½ మీద కాదు, సుమారు 79 డిగ్రీల 53 నిమిషాల మీద. తేడా రెండున్నర డిగ్రీల పైచిలుకు. నాలుగుతో హెచ్చిస్తే సుమారు పదిన్నర నిమిషాలు. కాబట్టి మన స్కూలు గడియారంలో 12 కొట్టినప్పుడు మన ఊరి సూర్యుడు ఇంకా నడి నెత్తికి రాలేదు. సగటున 12 గంటల 10 నిమిషాలకు వస్తాడు. (సంవత్సరం పొడుగునా ఇది కొన్ని నిమిషాలు ముందుకూ వెనక్కూ జరుగుతుంది.) గ్రౌండులో ఒక కట్టె నిలువుగా పాతి, నీడ ఎప్పుడు అన్నిటికన్నా పొట్టిగా ఉంటుందో పది రోజులు రాసుకుంటే మీకే తెలుస్తుంది.

5. టిక్కెట్టు చిక్కుముడి

విమానం టిక్కెట్టులో ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారం రాస్తారు. తెలియనివాళ్ళు మోసపోయేది ఇక్కడే.

ఉదాహరణకు ఒక విమానం చెన్నైలో పగలు 10 గంటలకు బయలుదేరింది అనుకుందాము. ఐదు గంటల తరువాత మన గడియారంలో మధ్యాహ్నం 3. కాని కువైటులో అప్పుడు 12½. టిక్కెట్టులో 10.00 – 12.30 అని ఉంటుంది. చూసినవాళ్ళు రెండున్నర గంటలే అనుకుంటారు.

తిరిగి వచ్చేటప్పుడు కువైటులో పగలు 10కి బయలుదేరితే, ఐదు గంటల తరువాత అక్కడ 3. మనకు సాయంత్రం 5½. టిక్కెట్టులో 10.00 – 5.30 అని ఉంటుంది. ఏడున్నర గంటలు!

ఎవరినీ అడగకుండా టిక్కెట్టును చూసే నిజం కనుక్కోవచ్చు. పోయే కాగితం లెక్కను, వచ్చే కాగితం లెక్కను కూడి సగం చేయండి. 2½ + 7½ = 10. సగం 5. ఇది అసలు ప్రయాణము. పెద్దదానిలో చిన్నది తీసివేసి సగం చేయండి. 7½ – 2½ = 5. సగం 2½. ఇది గడియారాల తేడా. ప్రయాణాన్ని x అని, తేడాను y అని పెట్టుకుంటే పోయేటప్పుడు x – y, వచ్చేటప్పుడు x + y. మనం లెక్కల పుస్తకంలో చేసే రెండు సమీకరణాలే ఇవి. "ఈ సమీకరణాలు దేనికి పనికొస్తాయి సార్" అని అడిగే మిత్రులకు ఇదే జవాబు.

6. గాలి వాటము

పెన్నలో వాలుకు పోయే పడవకు శ్రమ తక్కువ, ఎదురు పోయే పడవకు ఎక్కువ. ఆకాశంలోనూ ఏరులు ఉన్నాయి. పది కి.మీ. ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలంగా వీచే గాలులను జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఉత్తర భారతం మీద, అమెరికా మీద, పసిఫిక్ సముద్రం మీద ఇవి జోరుగా ఉంటాయి. అందుకే ఆ ప్రాంతాల్లో తూర్పుకు పోయే విమానం తొందరగా చేరుతుంది, పడమరకు పోయేది ఆలస్యంగా చేరుతుంది.

లెక్క చూడండి. దూరం 4,000 కి.మీ., విమానం వేగం 900, గాలి వేగం 100 అనుకుందాము. గాలి వాటంగా పోతే వేగం 1,000. కాలం 4 గంటలు. ఎదురుగా వస్తే వేగం 800. కాలం 5 గంటలు. పోయిరావటానికి 8,000 కి.మీ., 9 గంటలు. సగటు వేగం 900 రావాలి కదా? 8,000 ÷ 9 = 889 మాత్రమే. ఎదురు గాలిలో గడిపే సమయమే ఎక్కువ గనుక పోగొట్టుకున్నదంతా తిరిగి రాదు. ఈ లెక్క సైకిలుకు కూడా వర్తిస్తుంది.

7. 10వ తేదీ ఎక్కడ పోయింది?

2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎక్కడా ఆగకుండా వచ్చింది. నడిపిన నలుగురు పైలట్లూ స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష, కెప్టెన్ శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువం మీదుగా తెచ్చారు. ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 14,000 కి.మీ. మన గ్లోబు మీద 28 సెం.మీ. దారం. ప్రయాణం సుమారు 17 గంటలు.

ఆ విమానం అక్కడ 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో బయలుదేరి, ఇక్కడ 11వ తేదీ తెల్లవారుజామున దిగింది. మధ్యలో 10వ తేదీ ఏమైంది? చలికాలంలో శాన్ ఫ్రాన్సిస్కో గడియారం మనకన్నా 13½ గంటలు వెనక. ప్రయాణం 17, గడియారం తేడా 13½, మొత్తం 30½ గంటలు. రాత్రి 8½కు 30½ గంటలు కలపండి. ఒక రోజంతా దాటి ఆ పైరోజు తెల్లవారుజాము మూడు అవుతుంది. 10వ తేదీ ఎక్కడికీ పోలేదు. కొంత గాలిలో గడిచింది, కొంత గడియారం ముల్లు తిప్పుకోవటంలో పోయింది.

ఆ నెలలోనే ఎయిర్ ఇండియా హైదరాబాదు – షికాగో మధ్య కూడా ఆగకుండా పోయే విమానం మొదలుపెట్టింది. తెలుగువాళ్ళకు తమ నేల మీద నుంచి అమెరికాకు తిన్నగా పోయే దారి దొరకటం అదే మొదలు. పదహారు గంటల పైచిలుకు ప్రయాణం. వాడిన బోయింగ్ 777-200 ఎల్ఆర్ విమానంలో 238 సీట్లు. ట్యాంకులు నిండా పోస్తే సుమారు 1,81,000 లీటర్ల ఇంధనం పడుతుంది. ఒక్కో సీటుకు 760 లీటర్లు! అంత దూరం ఒక పైలటు కూర్చోలేడు గనుక ఇలాంటి ప్రయాణాల్లో నలుగురు పైలట్లు వంతులు వేసుకుంటారు, మన రాత్రి చదువుల్లో లీడర్లు వంతులు వేసుకున్నట్టు. ఇంకా పొడుగైనది సింగపూర్ – న్యూయార్క్ ప్రయాణము. 2020 నవంబరులో మొదలైన ఈ దారి 15,300 కి.మీ. దాటుతుంది, పద్దెనిమిది గంటలకు పైగా పడుతుంది.

8. దారి మూసేస్తే

గ్లోబు మీద దారానికి సరిహద్దులు లేవు. విమానానికి ఉన్నాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత రష్యా తన ఆకాశాన్ని చాలా పాశ్చాత్య దేశాల విమానాలకు మూసింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన దేశపు విమానాలకు తన ఆకాశాన్ని మూసింది. మన దేశమూ వాళ్ళ విమానాలకు మూసింది. అప్పుడు ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగవలసి వచ్చింది. దూరం పెరిగితే ఇంధనం పెరుగుతుంది, కాలం పెరుగుతుంది, టిక్కెట్టు ధర కూడా పెరుగుతుంది. రెండు ఊళ్ళు అంగుళం కూడా జరగలేదు, ప్రయాణం మాత్రం పొడుగైంది. చెన్నై – కువైటు దారం పాకిస్తాన్ నేల మీదుగా పోదు కాబట్టి మనవాళ్ళ నేరు దారి దానివల్ల తెగలేదు.

9. గడప నుంచి గడపకు

మా పిన్ని ఇంటి పనికి కువైటు పోయింది. పోయే ముందు ఆమెను తీసుకుపోయిన మనిషి మా అవ్వతో "రెండున్నర గంటలే అవ్వా, నెల్లూరు నుంచి తిరపతి పోయినంత. ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాది" అన్నాడు. ఆ మాట పట్టుకొని అవ్వ మొదటి సంక్రాంతికి పిన్ని కోసం బియ్యం నానబోసి ఎదురు చూసింది. పిన్ని రాలేదు. పని ఇచ్చిన వాళ్ళు సెలవు ఇవ్వాలి, టిక్కెట్టుకు డబ్బు ఉండాలి, పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. వీటిని విమానం వేగంతో భాగించటానికి లేదు.

అందుకని గాలిలో ఐదు గంటలే అయినా, మన ఊరి గడప నుంచి అక్కడి గడప దాకా ఎంత అవుతుందో వేసి చూశాను.

బుచ్చి నుంచి నెల్లూరు బస్సు: ముప్పావు గంట.
నెల్లూరు నుంచి చెన్నై రైలు: 3 గంటలు.
స్టేషను నుంచి విమానాశ్రయము: 1 గంట.
విమానానికి ముందే పోయి ఉండవలసినది: 3 గంటలు.
గాలిలో: 5 గంటలు.
దిగి, ముద్ర వేయించుకొని, పెట్టె తీసుకొని బయటపడటం: 1½ గంట.

మొత్తం 14¼ గంటలు. ఇందులో బస్సు కోసం, రైలు కోసం కాచుకున్న సమయం లేదు. విమానంలో గడిచేది మూడో వంతు మాత్రమే. దగదర్తిలో విమానాశ్రయం కట్టాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నారు. అది మన బుచ్చికి దగ్గరే. అక్కడి నుంచి విమానం ఉంటే పై లెక్కలో నాలుగు గంటలు తగ్గుతాయి. గాలిలో ఐదు మాత్రం తగ్గవు.

పెద్దక్కలకు, పెద్దన్నలకు ఇంకొక మాట. పదవ తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మీద సాధారణంగా ఒక గుర్తు ఉంటుంది. అలాంటివాళ్ళు కువైటు వంటి దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. ఆ పాస్‌పోర్టుతో ఇంటి పనికి పోయే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండి ఉండాలని మన ప్రభుత్వ నియమం. ఏజెంటు "చూడటానికి పోయే వీసా మీద పంపిస్తాను, అక్కడ మార్చుకోవచ్చు" అంటే ఆ నియమాన్ని దాటిస్తున్నాడని అర్థం. పదవ తరగతి పాసయితే ఆ గుర్తు పడదు. మార్చిలో రాసే ఆరు సబ్జెక్టుల పరీక్షకు ఇంత దూరం పోయే బలం ఉంది. కువైటులో కూడా ఇంటి పనివాళ్ళ కోసం 2015లో 68వ నంబరు చట్టం చేశారు. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు, వారానికి ఒక రోజు సెలవు, సంవత్సరానికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఇది ఇంటి దగ్గర చెప్పవలసిన విషయము.

10. ఫోను ఎప్పుడు చేస్తే దొరుకుతారు?

ఈ పట్టికను నోటుబుక్కులో రాసుకోండి. మొదటిది కువైటు సమయం, రెండోది మనది.

కువైటు తెల్లవారుజాము 5 – మనకు ఉదయం 7½ (టిఫిను బెల్లు)
కువైటు ఉదయం 10 – మనకు మధ్యాహ్నం 12½ (భోజనం)
కువైటు మధ్యాహ్నం 2 – మనకు సాయంత్రం 4½ (ఆటలు)
కువైటు సాయంత్రం 4 – మనకు 6½ (రాత్రి చదువుకు ముందు)
కువైటు రాత్రి 7 – మనకు 9½ (లైట్లు ఆర్పేది)
కువైటు రాత్రి 9 – మనకు 11½

మా పిన్నికి పని అయ్యేది అక్కడ రాత్రి 9కి. ఆమె వెంటనే వార్డెన్ సారు ఫోనుకు చేస్తుంది. ఇక్కడ అప్పుడు పదకొండున్నర. సారు నిద్రలో ఉంటారు, మేమూ నిద్రలో ఉంటాము. పొద్దున చూస్తే ఫోనులో ఎత్తని కాల్ మాత్రం ఉంటుంది. తప్పు పిన్నిదీ కాదు, సారుదీ కాదు. భూమి తిరగటం వల్ల వచ్చింది.

కువైటులో వారం సెలవు శుక్రవారం. చాలామందికి ఆ సాయంత్రం కొంచెం తీరిక దొరుకుతుంది. మన హాస్టలులో ఇంటివాళ్ళతో మాట్లాడే రోజు ఆదివారం. అందువల్ల వార్డెన్ సారు గారికి మా విన్నపము ఏమనగా, గల్ఫ్‌లో అమ్మానాన్నలు, బంధువులు ఉన్న పిల్లలకు ఆదివారం బదులు శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఫోను ఇప్పించవలసిందిగా కోరుతున్నాము. అక్కడ అది మూడున్నర నుంచి నాలుగున్నర. రాత్రి చదువుకు అడ్డం రాదు. ఎవరెవరికి అవసరమో పేర్లు రాసి లీడరు దగ్గర ఉంచాము.

మీకు తెలుసా?

రాకెట్లు ఎగిరే శ్రీహరికోట మనకు తిన్నగా 100 కి.మీ. లోపే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది. రాకెట్ల కేంద్రం రాకముందు ఆ దీవి అడవిలో మన యానాదులు కాపురం ఉండేవారు. తేనె, దుంపలు, వేర్లు, చేపలు వాళ్ళ జీవనాధారం. 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎన్నుకున్నారు, 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. ఇప్పుడు అక్కడి నుంచి పోయి భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహము వేగము సెకనుకు సుమారు 7½ కి.మీ. చెన్నై నుంచి కువైటు అంత దూరం దాటటానికి దానికి ఎనిమిది తొమ్మిది నిమిషాలు చాలు. మన మెస్సులో అన్నం వడ్డించే లైను కదిలేంత సేపు!

అభ్యాసము

1. మన గ్లోబు మీద హైదరాబాదు – దుబాయి దారం 5.1 సెం.మీ. దూరమెంత? గంటకు 850 కి.మీ. చొప్పున ఎంత సేపు?

2. ఒక టిక్కెట్టులో పోయేటప్పుడు 3 గంటలు, వచ్చేటప్పుడు 9 గంటలు అని కనిపించింది. అసలు ప్రయాణం ఎంత? గడియారాల తేడా ఎంత? ఆ ఊరు మనకు తూర్పునా, పడమరా?

3. మన దేశం తూర్పు కొస సుమారు 97 డిగ్రీల మీద, పడమటి కొస 68 డిగ్రీల మీద ఉన్నాయి. రెండు చోట్ల పొద్దు పొడవటంలో రేఖాంశము వల్ల ఎన్ని నిమిషాల తేడా?

4. సింగపూర్ గడియారం గ్రీనిచ్ కన్నా 8 గంటలు ముందు. మనకు తెల్లవారి 5 గంటలకు లేపే బెల్లు కొట్టినప్పుడు అక్కడ ఎంత?

5. మీ ఇంటివాళ్ళు ఉన్న ఊరు గ్లోబు మీద వెతికి, దారంతో దూరం కొలిచి, రాయండి. ఊరు దొరకకపోతే సైన్సు గదిలో అట్లాసు ఉన్నది, అడిగి తీసుకోండి.

గ్లోబును జాగ్రత్తగా వాడి, దారాన్ని మళ్ళీ చుట్టి డబ్బాలో పెట్టవలెను. జవాబులు కాగితం మీద రాసి లీడరుకు ఇవ్వండి. సరైన జవాబులు వచ్చే నెల పత్రికలో.

— పదవ తరగతి విద్యార్థి